దీక్షా శిబిరంలో ముద్దాయి

జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఎక్కడ చూసినా తెలంగాణ దీక్షా శిబిరాలే ఉన్న రోజులవి. వాటిలో ఒక్కపూట కూర్చుంటే ఏ పాపమైనా పోతుందని నమ్మినవాళ్లూ ఉండేవారు. మహబూబాబాద్ వైపు ఒక దొర అట్లాంటివాడే.

లైసెన్సున్న రెండు గొట్టాల తుపాకితో అతను ఒక తండా మనిషిని కాల్చి చంపాడు. చచ్చినవాడి బర్రెలు దొర మక్కచేన్లో పడ్డాయి, అంతే. అడవిపంది అనుకొని కాల్చానని కోర్టులో చెప్పాడు. పట్టపగలు తలకు ఎర్ర రుమాలు చుట్టుకొని, బర్రెలను అదిలిస్తూ వచ్చే పందిని జడ్జి నమ్మలేదు. యావజ్జీవం వేశాడు. ఆ విచారణ మొత్తం మా పత్రికకు నేనే రాశాను.

దొర హైకోర్టుకు అప్పీలు పోయాడు. అక్కడా అదే పంది. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపించుకొని బెయిలు మీద బయటికొచ్చాడు. ఇంతలో వకీళ్లు తెలంగాణ కోసం కోర్టులు బహిష్కరించారు. వాయిదా మీద వాయిదా పడింది. రాష్ట్రం రావాలని దొరకు ఎంత ఉండేదో గానీ, ఆ బహిష్కరణ కలకాలం సాగాలని మాత్రం మనసారా ఉండేది.

చచ్చినవాడి తల్లికి కావలసింది ఒక్కటే. అప్పీలు తేలాలి, దొర మళ్లీ లోపలికి పోవాలి. డోర్నకల్ దగ్గరి తండా నుంచి రైల్లో వరంగల్ వచ్చి వకీళ్ల దీక్షా టెంటు ముందు నిలబడేది.

"కోర్టు ఎప్పుడు తెరుస్తరు సారూ?"

"తెలంగాణ రానీ అవ్వా."

ఆమెకూ తెలంగాణ కావాలి. రోడ్డు మీద వంటావార్పుకు కట్టెలు మోసిన మనిషి.

ఒకరోజు ఆ టెంటులోనే రిలే నిరాహార దీక్షలో దొర కూర్చున్నాడు. ఇంట్లో గట్టిగా తినే వచ్చాడని టెంటు వెనకాల నవ్వుకున్నారు. సాయంత్రం ఎవరైనా నిమ్మరసం ఇచ్చి విరమింపజేయాలి. నిర్వాహకులకు అద్దాల రైకలో ఈ ముసలమ్మ కనబడింది. ఎవరని అడగలేదు. చెయ్యి పట్టి తీసుకొచ్చి గ్లాసిచ్చారు.

"దొరకు తాపు అవ్వా, ఫొటో పేపర్ల వస్తది."

దొర తలెత్తి చూసి గుర్తుపట్టాడు. "ఇంకెవలనన్న పిలువుండ్రి" అని గొణిగాడు. ఆమె గ్లాసు పట్టుకొనే అడిగింది:

"నా కొడుకు పంది లెక్క అవుపడ్డడా దొరా?"

"ఏంది అవ్వా, గిప్పుడు గా ముచ్చటేంది?" అన్నాడు నిర్వాహకుడు.

"మరెప్పుడు? కోర్టు మీరే బందువెడితిరి."

గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. దొర తనే తీసుకొని గటగటా తాగాడు. నేను జరిగింది రాసి పంపాను. మా పత్రిక డెస్కు అది పక్కనపెట్టి నిర్వాహకుల ప్రకటన వేసింది: గిరిజన మహిళ చేతుల మీదుగా దీక్ష విరమణ.

కోర్టులు తెరిచాక అప్పీలు విచారణకు వచ్చింది. దొర వకీలు పందితో మొదలుపెట్టి ఉద్యమంలో త్యాగాల దాకా పోయాడు. జడ్జీలు ఓపికగా విని అప్పీలు కొట్టేశారు.

లొంగిపోయే రోజు వరంగల్ జైలు దాకా కార్లు వచ్చాయి. దండలు వేశారు. హత్య చేసినవాణ్ణి పెళ్లికొడుకులా సాగనంపారు. ఆ తల్లి రోడ్డుకు అవతలి పక్కన ఒక్కతే నిలబడి ఉంది. కార్లు వెళ్లిపోయినా కదల్లేదు.

"లోపలికి పోయిండు గదా, ఇంక నడువు అవ్వా" అన్నాను.

"తాళం ఎయ్యనీ బిడ్డా" అన్నది.