మోకాళ్లు చూసే అత్తయ్య

మా అత్తయ్య మనుషుల మొహాలు చూడదు, మోకాళ్లు చూస్తుంది. పేర్లు మర్చిపోతుంది గానీ నడకలు మర్చిపోదు. ఎవరొచ్చారని అడిగితే, "ఎడమ మడమ ఈడ్చే ఆవిడ" అంటుంది.

ఆవిడ బళ్లో డ్రిల్లు టీచరు. సెలవుల్లో నడక పోటీలకు జడ్జి. ఆ పోటీలో నిబంధనలు రెండే. ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. తప్పేలా ఉంటే పసుపు అట్ట చూపించి హెచ్చరిస్తారు. తప్పితే ఎర్ర కార్డు. ముగ్గురు జడ్జీలు ఎర్ర కార్డు రాస్తే ఇంటిదారే.

చిక్కల్లా ఏమిటంటే, అత్తయ్య దృష్టిలో పోటీ ఎప్పటికీ ముగియదు. ఒకరోజు మామయ్య కళ్లముందే బస్సు వెళ్లిపోయింది.

"నాలుగడుగులు పరుగెత్తితే దొరికేది కదా మామయ్యా!" అన్నాను.

"మీ అత్తయ్య బాల్కనీలో ఉందమ్మా. రెండు పాదాలూ గాల్లోకి లేస్తే ఊరుకుంటుందా?"

పక్కింటావిడ కాబోయే అల్లుణ్ణి తీసుకొచ్చి పరిచయం చేసింది. అతను మెట్లు దిగి వెళ్లాక, "ఎలా ఉన్నాడు?" అని మురిపెంగా అడిగింది.

"కుర్రాడు మంచివాడే. కాళ్లే నేలమీద ఆనడం లేదు."

ఆవిడతో ఆరు నెలలు మాటల్లేవు. "నేనన్నది పాదాల సంగతే కదే!" అని అత్తయ్య ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

ఆ ఏడు జాతీయ ఇండోర్ అథ్లెటిక్స్ పోటీల్లో మైకు దగ్గర ప్రకటనలు చేసే పని నాకు దొరికింది. పెద్ద పైకప్పు కింద రెండువందల మీటర్ల ట్రాకు. ఈ మూల ఎవరైనా దగ్గితే ఆ మూల వినబడుతుంది. ఆడవాళ్ల నడక పోటీ పదిహేను రౌండ్లు. అందులో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయి మీదే అందరి ఆశలూ. మొదటి రెండు స్థానాల్లో వస్తే జాతీయ జట్టులో చోటు.

పదో రౌండుకు ఆ అమ్మాయి సగం రౌండు ముందుంది. ఎర్ర కార్డులు రెండు పడ్డాయి. మలుపు దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. ఒకసారి పసుపు అట్ట చూపించింది. పన్నెండో రౌండులో జేబులోంచి పెన్ను తీసింది.

మూడో కార్డు! ప్రధాన జడ్జి ఆ అమ్మాయిని ఆపేశాడు. ఆ ముక్క మైకులో చెప్పాల్సింది నేను. చెప్పేశాను. జనం కేకలతో కప్పు ఎగిరిపోతుందనుకున్నాను.

కోచ్ దూసుకొచ్చాడు. "మూడు రౌండ్లు మేడం! ఇంకో మూడు రౌండ్లు! మీకు గుండె ఉందా?"

"గుండె సంగతి తెలీదు. మోకాలు వంగింది."

పోటీ అయ్యాక, మా అత్తయ్యే కదా, నేనూ నాలుగు దులుపుదామని వెతుక్కుంటూ వెళ్లాను. బట్టలు మార్చుకునే గదిలో నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆ అమ్మాయి ఎడమకాలు.

"వదలండి!" అని ఏడుస్తోంది అమ్మాయి.

"పోయినేడు ఈ మోకాలు కర్రలా నిలబడేది. ఈ ఏడు ఏ పోటీలో చూసినా ఎనిమిదో రౌండు దాటాక వంగుతోంది. ఎన్నాళ్లనుంచి నొప్పి?"

అమ్మాయి గుమ్మంలో నిలబడ్డ కోచ్ వైపు బెదురుగా చూసింది. "నాలుగు నెలలు. చెప్తే రాష్ట్ర జట్టులోంచి తీసేస్తారని..."

కోచ్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"రేపు పదింటికి ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం. పోయినవారమే అడిగి పెట్టాను" అంది అత్తయ్య.

"అప్పుడే తెలిస్తే పోటీకి ముందే చెప్పొచ్చుగా?" అన్నాను ఉండబట్టలేక.

"పొద్దున దారికి అడ్డం నిలబడి మరీ అడిగానే. నొప్పేమీ లేదంది. మనిషి అబద్ధమాడుతుంది గానీ నడక ఆడుతుందా?"

ఎముకలో సన్నటి పగులు. ఇంకో నెల ఇలాగే నడిచి ఉంటే పుటుక్కుమనేదే అన్నాడు డాక్టరు. లాండ్రీలో రోజంతా నిలబడే పని కాబట్టి అత్తయ్య ఆ అమ్మాయిని తన ఇంట్లోనే ఉంచుకుంది. ముందు మంచం నుంచి కిటికీ దాకా, తర్వాత కిటికీ నుంచి వంటింటి దాకా, అడుగడుగూ దిద్దింది. చూపంతా అటే ఉండడంతో ఆ మూడు నెలలూ మామయ్య హాయిగా పరుగెత్తి బస్సులెక్కాడు.

మరుసటేడు ఆ అమ్మాయి మళ్లీ బరిలోకి దిగింది. ఒక్క ఎర్ర కార్డూ లేదు. రెండో స్థానం. జాతీయ జట్టులో చోటూ దొరికింది. పతకం మెళ్లో వేసుకుని నేరుగా అత్తయ్య దగ్గరకొచ్చింది. పొగుడుతుందేమోనని అత్తయ్య మొహం పక్కకు తిప్పుకుంది.

"మేడం, మీరు కుడివైపుకు ఒరుగుతున్నారు. తుంటి నొప్పా?"

అత్తయ్య తడబడింది. "ఎప్పుడు చూశావు?"

"మొదటి రౌండు నుంచీ చూస్తూనే ఉన్నాను."

"నడిచేటప్పుడు దిక్కులు చూడకూడదని చెప్పానా? అందుకే రెండోస్థానం!" అని కసిరి, ఆ అమ్మాయి భుజం పట్టుకుని బయటికి నడిచింది. ఈసారి డాక్టరుకు ఫోన్ చేసింది ఆ అమ్మాయే.