ఎకరాలకు ఎకరాలు ఊడ్చిన చరిత్ర

ఉద్యోగాల మీద, వ్యాపారం మీద పత్రికలవాళ్ళు ఇప్పటికీ నన్ను అభిప్రాయం అడుగుతుంటారు. ఆర్థిక చరిత్రకారుణ్ణి కదా! గుడివాడలో ఒకే ఒక్క క్రియాపదం నా పర్మనెంటు పోస్టును ఎలా మింగేసిందో తెలిస్తే అడగరు. ఆ రోజు నవ్వినవాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. ఎవరెవరు పళ్ళు కనబడేలా నవ్వారో కూడా గుర్తుంది.

అప్పట్లో నేను కాలేజీలో తాత్కాలిక లెక్చరర్ని. "సెమినార్లో మంచి పేపరు చదవవయ్యా, పోస్టు నీదే," అన్నారు ప్రిన్సిపాల్ గారు. పూర్వం ఆడవాళ్ళు చేసిన పనుల మీద రాద్దామని మొవ్వ దగ్గర ఒక ఊరు వెళ్ళి మేరీరత్నమ్మ గారిని పట్టుకున్నాను. ఆవిడకు డెబ్బై దాటాయి. నేనా, బందరులో గుమాస్తాల ఇంట పుట్టి, వరిని అన్నంగా తప్ప చూడనివాణ్ణి.

"వయసులో ఏం పని చేసేవారండీ?"

"ఊడ్చేవాళ్ళం బాబూ."

"ఎక్కడ?"

"ఇక్కడ అయిపోగానే దివిసీమ వెళ్ళి ఊడ్చేవాళ్ళం. ఎకరాలకి ఎకరాలు!"

"ఎకరాలే! నడుం నొప్పి పుట్టదూ?"

"మరి వంగకుండా ఊడుస్తారేంటి?"

చూశారా, అనుమానం దూరడానికి ఎక్కడైనా సందుందా? ఇంకొక్క మాట కలిపి చెబితే ఆవిడ సొమ్మేం పోయింది?

ఇంటికొచ్చి బుర్రను గానుగలా తిప్పాను. మొవ్వ ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని వెళ్ళి దివిసీమను ఊడ్చేవారు. అంటే ఇది పారిశుధ్య సేవల ఎగుమతి! దివిసీమలో అంత చెత్త ఎక్కడిదన్న అనుమానం వచ్చింది. సముద్రపు గాలి మోసుకొచ్చిందని దానికీ రెండు పేజీల జవాబు రాశాను.

పైగా సెమినారుకు మేరీరత్నమ్మ గారినే ముఖ్య అతిథిగా పిలిచాను. నా గొయ్యి నేనే తవ్వుకుని, దానికి కొబ్బరికాయ కూడా కొట్టుకున్నానన్నమాట.

"ఆనాటి దివిసీమకు చీపురే వెన్నెముక!" అని బల్ల గుద్దాను.

ఆవిడ లేచింది. "ఏంటి బాబూ, చేలో చీపురెందుకు?"

"మీరే కదండీ ఊడ్చామన్నారు?"

"నారు ఊడ్చాం నాయనా! వరినారు! నాట్లేస్తే ఊడ్చామనక ఇంకేమంటారు?"

హాలు కూలిందనుకోండి. నవ్వి నవ్వి పొలమారిన ప్రిన్సిపాల్ గారికి మంచినీళ్ళు అందించింది కూడా నేనే. నోటుబుక్కులో అన్నీ ఉన్నాయి, నా నోట్లోనే శని.

నేను తగ్గానా? "రెండు పనులకు ఒకే మాటేమిటండీ? తప్పు భాషది," అన్నాను.

"అయితే పోస్టు కూడా భాషనే అడగవయ్యా," అన్నారాయన. ఆ పోస్టు అటే పోయింది.

మెట్ల మీద కూలబడి ఉంటే మేరీరత్నమ్మ గారే వచ్చింది. "దిగులెందుకు బాబూ? రేపు మా చేలో ఊడుపులే. వచ్చి నేర్చుకో."

పంతం కొద్దీ వెళ్ళాను. బురదలో దిగి ఒక వరస నాటాను. తిరిగి చూస్తే నా మొక్కలన్నీ బాతుపిల్లల్లా నీళ్ళ మీద తేలుతున్నాయి.

ఆవిడ తేలుతున్న మొక్కనొకదాన్ని చేతిలోకి తీసుకుంది. "బాబూ, నువ్వు రాసిందే కరెక్టు. నీకు చీపురే నయం," అంది.

ఆ గట్టు మీదే, బురద చేతులు జోడించి ప్రమాణం చేశాను: ఇకమీదట కర్మ ఏమిటో అడగకుండా ఏ క్రియాపదాన్నీ రాసుకోను. అడగకపోతే అనుభవించాల్సి వస్తుంది. దాన్నీ కర్మే అంటారు.