సమీకరణంలోంచి వచ్చిన పద్మ పాట

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే మనిషిని నేను. కాలేజీలో లెక్కలు చెబుతాను. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను.

అశోక్‌నగర్‌లో మేడ మీద వాటాలో కిరాయికి ఉంటున్నాను. కింద ఇంటావిడ శకుంతల గారు ఉంటారు. సెలవు రోజుల్లో కంప్యూటర్ చేత పాటలు కట్టించడం నా సరదా. ఒక సంఖ్య ఇస్తే సమీకరణం దాని నుంచి ఇంకో సంఖ్యను, దాని నుంచి మరోదాన్ని పుట్టిస్తూ పోతుంది. ఒక్కో సంఖ్య ఒక్కో స్వరమై స్పీకర్‌లో మోగుతుంది.

చాలావరకు వినలేని గోలే వస్తుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం చేతికొచ్చిన అంకెలేవో కొట్టాను. మెత్తగా ఒక వరుస మొదలైంది. బాగుందని మళ్ళీ పెట్టాను.

మోకాళ్ళ నొప్పులతో ఎన్నడూ పైకి రాని శకుంతల గారు, గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"ఇది మా పద్మ పాట. నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

పద్మ ఆమె చెల్లెలు. చదువుకునే రోజుల్లోనే జ్వరంతో పోయిందట. మాటల్లేని ఆ వరుసను తనే కట్టుకుందట. ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ వినలేదు. శకుంతల గారికి అందులో సగమే గుర్తుంది. మిగతాది ఎంత తలచుకున్నా రాలేదట.

కంప్యూటర్‌తో పాటు కూనిరాగం తీస్తూ, సగంలో ఆగిపోయారు. అది ఆగలేదు.

"ఇగో, గిదే! గిదే మర్చిపోయిన!" అంటూ కుర్చీలో కూలబడి ఏడ్చారు.

ఆశపడే చెవికి ఏదైనా అలాగే వినిపిస్తుందనుకున్నాను. అందుకే నల్లకుంటలో ఉండే ఆమె తమ్ముడికి ఫోన్ చేయించి, ఏమీ చెప్పకుండా రెండో సగం మాత్రమే వినిపించాను.

"అక్కా, పద్మక్క పాట యాడ దొరికింది?" అన్నారాయన.

సాయంత్రానికల్లా ఆటోలో వచ్చేశారు, చిక్కడపల్లిలో మిర్చి బజ్జీలు కట్టించుకుని మరీ. ఇద్దరూ నా గదిలో కూర్చుని, తప్పినచోటల్లా నవ్వుకుంటూ, చివరిదాకా పాడారు. నేను స్పీకర్ కట్టేసి విన్నాను. చాలా రోజుల తర్వాత నా గది ఇల్లులా అనిపించింది.

తరువాత ప్రోగ్రాం అంతా వెతికాను. అందులో పాటేదీ లేదు. ఎక్కడో విని ఉంటావన్నాడు నాతో పనిచేసే లెక్చరర్. విన్నా, నేను రాసింది స్వరాలు కాదు, సమీకరణం. అది ఆ పాటనే ఎందుకిచ్చిందో నాకు అంతుపట్టలేదు. తెలియనిది మిగిలిపోతే నిద్రపట్టని మనిషిని. ఇది తెలియకపోయినా మాత్రం హాయిగా నిద్రపడుతోంది.