మీ తాత ఒంట్లో నా కిడ్నీ

తాత మార్కెట్ యార్డుకు పూల గొడుగు ఎందుకు వేసుకుపోతాడని మొన్న వీడియో కాల్‌లో అడిగావు కదా చిన్నోడా, ఆ గొడుగు నాది. తాత ఒంట్లో ఉన్న కిడ్నీ కూడా నాదే, అందుకే.

మీరు పుట్టకముందు తాత కిడ్నీలు రెండూ చెడిపోయాయి. నాది ఇస్తానని ముందుగా వచ్చింది ఆయన అక్క, మా వదిన. ఆమెకు ఎప్పుడో రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. హైదరాబాద్ డాక్టరమ్మ వద్దంది. కంటికి కనపడని క్యాన్సర్ కణమేదైనా కిడ్నీతోపాటు వెళ్తే, ఆ తర్వాత వేసే మందులు ఒంటి కాపలాను పడుకోబెడతాయి, దాన్ని ఆపేవాళ్ళుండరు అంది.

వదిన మొహం మాడ్చుకుంది. "అంటే ఏందిర తమ్మీ, నేను పుచ్చిన పసుపు కొమ్మునా?"

"గట్లెవలన్నరక్కా? పైకి మంచిగనే ఉన్నవ్. లోపల చూద్దమంటే విరిచి చూడరాదాయె."

తాత పసుపు కమీషన్ ఏజెంటు కదా, కొమ్ము విరిచి లోపలి రంగు చూడనిదే దేన్నీ నమ్మడు.

తర్వాత నా వంతు. రక్తం నుంచి గర్భసంచి దాకా అన్నీ పరీక్షించారు. "పెండ్లిచూపులల్ల గూడ నన్ను గింతగనం చూడలే," అన్నాను.

"గప్పుడు చూడకనే గదనే ఇరుక్కున్న," అన్నాడు తాత.

నా కిడ్నీ సరిపోయింది. ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మందులు మానొద్దు. వాటివల్ల చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, ఎండలో తిరగొద్దు. మానని పుండు కనపడితే వెంటనే రండి. ఈయన విన్నాడా? నెత్తిన రుమాలైనా లేకుండా పసుపు కుప్పల మధ్యే నిలబడేవాడు. చెవి మీద పుండు లేచింది. దాని మీద రోజూ పసుపు మెత్తుకున్నాడు. యార్డు నుంచి వచ్చేవాళ్ళందరి చెవులూ పసుపే, నాకేం అనుమానం వస్తుంది?

చెకప్‌లో డాక్టరమ్మ దూదితో తుడిచింది. తుడిచేకొద్దీ ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఏం పెట్టారు దీనికి?"

"అసలైన ఆర్మూర్ పసుపు మేడం," అన్నాడు గొప్పగా.

ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరే. పాకకముందే దొరికింది కాబట్టి చెవి అంచు కోసి ఊరుకున్నారు. మందు మరీ తగ్గిస్తే కిడ్నీ పోతుంది, అలాగే వాడితే క్యాన్సర్ మళ్ళీ రావచ్చు. మందు మార్చి చూస్తున్నారు. ఎండ తగలకుండా నా గొడుగు ఆయన చేతికిచ్చాను. ఆదివారం ఆదివారం కళ్ళద్దాలు పెట్టుకుని ఆయన బట్టతల, వీపు అన్నీ వెతుకుతాను.

"ఏం దేవులాడుతున్నవే, బంగారమా?"

"నా కిడ్నీ కిరాయికున్న ఇల్లెట్లున్నదో చూస్తున్న. కదలకు!"

అసలు ఆ పాడు మందులెందుకని మొన్న డాక్టరమ్మను అడిగాను. ఇచ్చిన కిడ్నీని ఆయన ఒళ్ళు ఇప్పటికీ పరాయిదనే అనుకుంటుందట, మందు ఆపితే దాని మీద పడుతుందట. అప్పుడు నేనొక మాట అడిగాను. ఆమె తాత వైపు చూసింది. తాత నా గొడుగు బటన్ నొక్కుకుంటూ కూర్చున్నాడు. నేనడిగింది ఇంతే:

"పెండ్లయిన కాన్నుంచి నా చేతి బువ్వనే తిన్నడు గద మేడం, ఆయన ఒంటికి నేనింక పరాయిదాన్నేనా?"