సైకిల్ ఎక్కని ఉస్తాద్

సిరోంచ బస్టాండు ఎదురుగా జగ్గయ్యకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. పద్దెనిమిదేళ్లుగా ఊళ్లో ఏ సైకిల్ మూలిగినా అతని దగ్గరికే వచ్చేది. పంక్చర్లు వేసేవాడు, చక్రాల వంకర తీసేవాడు. వీటన్నిటికీ మించి సైకిల్ నేర్పేవాడు. వెనక నుంచి సీటు పట్టుకుని, లుంగీ ఎగగట్టి, నేర్చుకునేవాళ్ల వెంట ప్రాణహిత ఒడ్డు దాకా ఉరికేవాడు. తహసీలు ఆఫీసు గుమాస్తాల నుంచి వడ్ల మిల్లు హమాలీల దాకా సగం ఊరు అతని చేతి కిందే సైకిలెక్కింది. అందుకే అతనికి ఉస్తాద్ అని పేరు వచ్చింది.

ఆ ఉస్తాద్‌కు సైకిల్ తొక్కడం రాదు.

తర్వాతి రోజుల్లో ఈ సంగతి జగ్గయ్యే చాయ్ హోటల్లో కూర్చుని చెప్పుకుని నవ్వేవాడు. కానీ 1986 దసరా దాకా ఇది తనకూ, భార్య రాజుబాయికీ తప్ప మూడో మనిషికి తెలియదని అతని నమ్మకం.

ఒక్కసారి ఎక్కకపోలేదు. కుర్రతనంలో ఆ దుకాణంలోనే కొత్తగా పనికి చేరిన రోజుల్లో ఎక్కాడు. రేవు దిగుడులో బ్రేకు ఎక్కడుందో వెతుక్కునేలోపు మిరపకాయలు ఆరబోసిన చాప ఎదురొచ్చింది. చాప దాటాడు, మిరపకాయలు దాటాడు, ఆ పక్కనున్న మేకను దాటలేకపోయాడు. మేకకు ఏమీ కాలేదు. జగ్గయ్యకే, ఆ తర్వాత పెడల్ మీద కాలు పెడితే చాలు, కడుపులో ఎక్కడో మేక అరిచేది.

దుకాణం చేతికొచ్చాక ఇక ఎక్కాల్సిన అవసరమే రాలేదు. బాగుచేసిన సైకిల్‌ను తొక్కి చూడకుండా, హ్యాండిల్ పట్టుకుని నాలుగడుగులు నడిపించి, చెవి వంచి వినేవాడు. "ఎక్కితే దాని రోగం దొరకదు. నడిపిస్తెనే దొరుకుతది" అనేవాడు. జనం అది పనితనమనుకుని తలూపేవాళ్లు.

రాజుబాయి మాత్రం ఊపేది కాదు.

"ఊరందరి పెండ్లాలు మొగని ఎనుక క్యారియర్ మీద కూసుండి జాతరకు పోతున్నరు. నేను సైకిల్ దుకాణపాయనను కట్టుకొని ఎడ్లబండి ఎక్కుతున్న."

"కిరాయి సైకిల్ మీద ఇంటిదాన్ని ఎక్కిస్తే దుకాణానికి అరిష్టమే."

"అరిష్టం దుకాణానికి గాదు, నీ మోకాళ్లకు."

ఆ దసరా వెళ్లిన వారానికి కిరాణా కొట్టు నాగేశ్వర్ సేటు వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల మనిషి. చిన్నప్పుడు జగ్గయ్య దగ్గరే సైకిల్ నేర్చుకున్నాడు. చాంద పట్నం నుంచి అక్క వసంతమ్మ, బావ సదాశివ పండగకొచ్చి ఇంకా ఉన్నారట. సదాశివ ఏదో పుస్తకంలో బొమ్మలు చూశాడట.

"ఎక్కడనో ఒక పెద్ద శహరం పక్కపొంటి నీళ్ల మడుగులు, పచ్చదనం ఉన్నయంట, ఉస్తాద్. పైసలు తీసుకొని మందిని సైకిళ్ల మీద తిప్పి చూపిస్తరంట. ముందల ఒక గైడు పోవాలె, ఏది ఏందో చెప్పాలె. మన దగ్గర నీళ్లు లేవా, పచ్చదనం లేదా అని మా బావ ఒకటే పట్టు. గోదారి సంగమం దాకా పోదాం. గైడువు నువ్వే."

"నేనా? దుకాణం ఎవరు చూస్తరు సేటు?"

"ఒక పూట మూస్తే ఏంగాదు. మా అక్కకు తొక్కరాదు, రెండు రోజులల్ల నేర్పియ్యి. ఎల్లుండి పొద్దుగాల పోదాం."

వసంతమ్మకు నేర్పడం పెద్ద పని కాలేదు. జగ్గయ్యకు నిద్ర పట్టనిదల్లా తన గురించే. పద్దెనిమిదేళ్ల ఉస్తాద్ పేరు చాంద చుట్టాల ముందు పోతే ఊళ్లో నిలుస్తుందా? తొక్కడం రానివాడి చేతికి రేపటి నుంచి పిల్లల్ని ఎవరు అప్పగిస్తారు?

అనుకున్న రోజు తెల్లారగానే, దుకాణంలో ఎవరూ లేని సమయం చూసి, తన కోసం పక్కన పెట్టిన సైకిల్ ముందు చక్రంలో సూది గుచ్చాడు.

"అయ్యో, నాది పంక్చరయింది. మీరు పోయి రాండ్రి. దారి చెప్త" అన్నాడు నాగేశ్వర్ రాగానే, మొహం వేలాడేసుకుని.

నాగేశ్వర్ దుకాణం నిండా వేలాడుతున్న ట్యూబులను, పంపును, రబ్బరు సొల్యూషన్ డబ్బాను వరసగా చూశాడు. "పంక్చరైతే ఎవరి దగ్గరికి పోవాలె ఉస్తాద్? నువ్వే చెప్పు" అని, తానే తొట్టిలో నీళ్లు పోసి ముందు పెట్టాడు. ఇక తప్పలేదు. పొద్దున తన చేత్తో చేసిన బెజ్జాన్ని జగ్గయ్య తన చేత్తోనే పూడ్చుకున్నాడు. పని మాత్రం చక్కగా కుదిరింది. చేతకాకపోతే బాగుండేదని జీవితంలో మొదటిసారి అనిపించింది.

బయలుదేరారు. ముగ్గురూ ఎక్కారు. జగ్గయ్య ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని ముందు ఉరకడం మొదలుపెట్టాడు.

"ఏంది ఉస్తాద్, ఎక్కవా?" అన్నాడు సదాశివ.

"గైడు ఎక్కరాదు బాబూ. ఎక్కితే సూపు దారి మీదనే ఉంటది. మీకు పిట్టలను, చెట్లను ఎవరు చూపియ్యాలె?"

సదాశివకు ఈ మాట బాగా నచ్చింది. పుస్తకంలో ఈ సంగతి రాయలేదని విచారించాడు కూడా. పద్దెనిమిదేళ్లు సైకిళ్ల వెనక ఉరికిన కాళ్లు గనక జగ్గయ్యకు ఆయాసం రాలేదు. మధ్యమధ్య గంట కొడుతూ, సైకిల్‌ను పక్కన ఉరికిస్తూ చేయి చాచి చూపించాడు. రెండు వైపులా వరి పొట్ట మీదుంది. గోదావరి పొంగినప్పుడు ప్రాణహిత ముందుకు పోలేక వెనక్కి తన్ని, వాగుల్లోకి ఎక్కుతుంది. వరద తీసినా ఆ నీళ్లు మడుగులై నిలిచిపోతాయి. వాటి నిండా కలువాకులు, అంచున కొంగలు, పైన తుమ్మ కొమ్మ మీద లకుముకి పిట్ట.

"ఈ నీళ్లు గోదారివి గావు, ప్రాణహితవి గావు. ఇద్దరు కొట్లాడుకొని పారేసినయ్" అన్నాడు జగ్గయ్య. వసంతమ్మ పడీపడీ నవ్వబోయి హ్యాండిల్ వంకరపోయేసరికి నవ్వు మింగేసింది. జగ్గయ్యకు ధైర్యం వచ్చింది. ఈ గైడు పని తన కోసమే పుట్టిందనిపించింది.

ఆ ధైర్యాన్ని పొలంలో కలుపు తీస్తున్న ముత్తక్క కాస్త కోసింది. నడుం ఎత్తి, కొడవలి ఊపుతూ కేకేసింది. "ఏంది జగ్గన్నా! సైకిల్‌ను ఇడువవాయె, ఎక్కవాయె! దానికి జొరం గిట్ల వచ్చిందా, దవఖానకు తోల్కపోతున్నవా?"

"నీ పని నువ్వు చూసుకో ముత్తక్కా!" అని జగ్గయ్య గంట గట్టిగా కొట్టాడు. వెనక నాగేశ్వర్‌కు ఎందుకో దగ్గు తెర వచ్చింది.

సంగమం ఇంకో అర మైలుందనగా రెండు మడుగుల మధ్య మట్టి కట్ట వచ్చింది. వేసవిలో జగ్గయ్య చూసినప్పుడు దాని మీద ఎడ్లబండి పోయేది. ఈ ఏటి వరద రెండు వైపులా కోసుకుపోయి, అడుగున్నర వెడల్పు మిగిల్చింది. జగ్గయ్య పక్కకు తప్పుకోగా సదాశివ, నాగేశ్వర్ అదే ఊపులో దాటేశారు. వాళ్ల వెనకే వచ్చిన వసంతమ్మ సగం దాకా పోయి, పక్కకు చూసి, బిగుసుకుపోయింది. హ్యాండిల్ వణికింది.

జగ్గయ్య తన సైకిల్‌ను గడ్డిలో పడేసి ఉరికాడు. వెనక నుంచి సీటు పట్టుకున్నాడు.

"ముందల చూడు తల్లీ! నీళ్ల దిక్కు చూడకు. నేనున్న. తొక్కు, తొక్కు!"

ఆమె తొక్కింది. అవతలి గట్టు ఎక్కించి, చీర కొంగు చక్రంలో పడకుండా తీసి, అప్పుడు గానీ సీటు వదల్లేదు. సదాశివ చప్పట్లు కొట్టాడు. "గిది ఉస్తాద్ అంటే! ఇగ నీ సైకిల్ సుత తొక్కుకుంట రా, పోదాం."

జగ్గయ్య వెనక్కి నడిచి, సైకిల్ లేపి, కట్ట ముందు నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది. కట్ట మీద మనిషి నడవొచ్చు, సైకిల్ నడవొచ్చు. మనిషీ సైకిలూ పక్కపక్కన నడిచే చోటు లేదు. తొక్కాలి. అవతల ముగ్గురూ ఇటే చూస్తున్నారు.

"మడుగు కట్ట మీద సైకిల్‌ను మోసుడే రివాజు!" అని అరిచి, దాన్ని భుజానికెత్తుకున్నాడు.

పది అడుగులు బాగానే పోయాడు. పదకొండో అడుగుకు ముందు చక్రం తనంతట తాను తిరిగి చెవి మీద కొట్టింది. జగ్గయ్య దాన్ని తిట్టడానికి తల తిప్పాడు. తలతో పాటు కాలు తిరిగింది. సైకిల్ ఎడమ మడుగులోకి, జగ్గయ్య కుడి మడుగులోకి పోయారు.

నీళ్లు నడుం లోతే. లేచి నిలబడేసరికి నెత్తి మీద కలువాకు, నోట్లో బురద.

వసంతమ్మ గట్టు చివరికి వచ్చింది. "అన్నా, నిజం చెప్పు. నీకు తొక్కొస్తదా?"

అబద్ధం ఆడటానికి జగ్గయ్యకు నోట్లో చోటు లేదు. బురద ఉమ్మేశాడు. "రాదు తల్లీ."

"ముందల చూడు, నీళ్లు చూడకు అని నాకు చెప్తివి గద?"

"చెప్పిన. నేనైతే అన్నీ చూస్త. నీళ్లు చూస్త, రాళ్లు చూస్త, మేకలను చూస్త. ఇగ ఎట్ల తొక్కుత?"

సదాశివ తాను చప్పట్లు కొట్టిన చేతులను ఒకసారి చూసుకున్నాడు. నాగేశ్వర్ మాత్రం దగ్గు ఆపుకోలేక నేల మీద కూలబడ్డాడు. అది దగ్గు కాదని జగ్గయ్యకు అప్పుడు అర్థమయింది.

"ఊరందరికి తెలుసు ఉస్తాద్! ఊరందరికి తెలుసన్న ముచ్చట తెల్వనోనివి నువ్వొక్కనివే."

"నీకు తెలిసే పంక్చర్ ఏపిస్తివా సేటు?"

"ఎట్ల తప్పించుకుంటవో చూద్దామని. సూది గుచ్చేటప్పుడు సుత చూసిన, సందు చాటున నిలవడి."

జగ్గయ్య నీళ్లలోనే నిలబడి ఆలోచించాడు. కోపం రావాలి, రావడం లేదు. అంతకంటే పెద్ద పరేషాన్ ఇంకోటి ఉంది.

"తెలిసి సుత పిల్లలను నా దగ్గరికెట్ల తోలుతున్నరు?"

నాగేశ్వర్ కళ్లు తుడుచుకున్నాడు. "తొక్కొచ్చినోళ్లు నేర్పితే నాలుగడుగులకే చెయ్యి ఇడుస్తరు. పడితే నవ్వుతరు. నువ్వు ఇడువవు. నాకు వచ్చినంక సుత పది దినాలు సీటు పట్టుకొనే ఉరికినవ్. నేనే తిట్టి ఇడిపిచ్చుకున్న. యాదికి లేదా?"

యాదికి లేకేం. పదో రోజున ఆ పిల్లవాడు తిట్టిన తిట్టు కూడా యాదికుంది.

సైకిల్‌ను ముగ్గురూ కలిసి పైకి లాగారు. సంగమం దాకా పోయి, ప్రాణహిత తేటనీళ్లూ గోదావరి ఎర్రనీళ్లూ చెరో అంచు పట్టుకుని పోవడం చూసి, ఒడ్డున అటుకులు తిన్నారు. తిరుగు దారిలో కట్ట దాటాక జగ్గయ్య నాగేశ్వర్ సైకిల్ క్యారియర్ మీద, తడి లుంగీతో, గైడులాగా చేతులు చాపుతూ కూర్చున్నాడు. అతని సైకిల్‌ను సదాశివ ఒక చేత్తో పక్కన నడిపించుకొచ్చాడు. ముత్తక్క మళ్లీ నడుం ఎత్తేలోపే జగ్గయ్య తానే కేకేశాడు. "నాకు తొక్కరాదు ముత్తక్కా! మడుగుల పడ్డ!"

"అది సుత కొత్త ముచ్చటేనా?" అంది ముత్తక్క.

ఊళ్లోకి వచ్చాక బస్టాండులో చెప్పాడు, చాయ్ హోటల్లో చెప్పాడు, ఇంటికి పోయి రాజుబాయికి చెప్పాడు. హోటల్లో నడుం లోతున్న మడుగు ఇంటికి చేరేసరికి మెడ లోతయింది. రాజుబాయి తువ్వాలు విసిరేసి, "పద్దెనిమిదేండ్లు నేను కడుపుల దాసుకున్న ముచ్చట ఒక్క పూటల ఊరంత పంచి వచ్చినవ్" అని, అతను చూడకుండా మొహం తిప్పుకుని నవ్వింది.

మర్నాడు దుకాణం తెరిచి చాలాసేపు కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. నాగేశ్వర్ మాట మడుగు దగ్గర నిజమే గానీ బస్టాండు దగ్గర నిజమో కాదో అని అనుమానం పట్టుకుంది. పది గంటలకు ఎల్లక్క వచ్చింది. ఈ మధ్యే అంగన్‌వాడీ పని దొరికిన మనిషి. రోజూ పక్క ఊరికి పోయి రావాలి.

"అన్నా, నీకు తొక్కరాదంట గద?"

"రాదక్కా."

"మరి నాకు నేర్పుతవా?"

"నేర్పుత."

"నడుమల సీటు ఇడిసిపెడుతవా?"

"నువ్వు తిట్టేదాక ఇడువ."

"తిట్లు నాకు బాగనే వస్తయి," అంటూ ఎల్లక్క సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది.