బండి ఎత్తు చూశాను, పాదం చూసుకోలేదు

ఆ రోజు గణపవరం రోడ్డు మీద మోపెడ్ ఆపి దిగాక చూసుకుంటే నా కుడి కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. ఎంతసేపు ఉత్త పాదంతో వచ్చానో తెలియదు. వెనక్కి వెళ్లి వెతికితే చాలా దూరంలో రోడ్డు మధ్య పడి ఉంది. నవ్వుకుని తొడుక్కున్నాను. జబ్బు ఆ రోజే నాకు కబురు పెట్టింది. వినే తీరిక నాకు లేదు. నా బుర్రంతా నా తోడికోడలి కొత్త బండి మీదే ఉంది.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మంచి మాటలు పెట్టి దిద్దొద్దని ముందే చెప్పాను.

నాకు నలభై ఆరేళ్లు. మా ఆయన పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి కొల్లేటి వైపు చెరువుల దగ్గర పొద్దున్నే చేపలు తీసుకుని, ఐసు పెట్టెలో పెట్టి, తాడేపల్లిగూడెంలో ఇళ్లకూ మెస్సులకూ వేస్తున్నాను. మా మరిది భార్య కుమారిదీ అదే వ్యాపారం. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూడడం దానికి నేర్పింది నేనే. అది బస్సులో వచ్చేది, నేను మోపెడ్ మీద ముందు చేరేదాన్ని. ఒక ఆదివారం చర్చి ముందు కొత్త మూడొందల యాభై సీసీ బండి నిలబెట్టింది. పాస్టరు గారు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, పళ్లు బిగబట్టి.

బండి ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్నేమో. మా మరిది దానికి గేర్లు నేర్పుతూ, వెనక సీటు పట్టుకుని చెరువు గట్టు మీద పరిగెత్తేవాడు. "ఒక్కసారిగా వదలకే క్లచ్చు, వదలకే" అని అరిచేవాడు. అది నవ్వేది. నేను మోపెడ్ నేర్చుకున్నప్పుడు వెనకాల పట్టుకునేవాళ్లు లేరు. గోడకి గుద్ది నేర్చుకున్నాను. ఆ నవ్వు వింటే నాకు అన్నం దిగేది కాదు.

"అక్కా, ఎక్కు, గూడెం దాకా దింపుతా" అంది ఒక రోజు.

"నీ వెనకాల కూర్చోడానికి నేనేమన్నా చేపల పెట్టెనా?" అన్నాను.

నెల తిరక్కుండా నేనూ షోరూముకి వెళ్లాను. అక్కడి అతను మంచివాడే. "గేర్ల బండి ఇదే మొదలంటున్నారు కదండీ. ఈ మూడొందల యాభై చూడండి. సీటు కిందకి ఉంటుంది, పాదాలు రెండూ పూర్తిగా ఆనుతాయి" అన్నాడు.

"అది మా తోడికోడలికి ఉందండి."

"ఉంటే ఏమైందండీ?"

"దాని కన్నా పెద్దది చూపించండి."

నాలుగొందల సీసీది, ఎత్తుది, చూపించాడు. ఎక్కి కూర్చున్నాను. "అమ్మా, నీకు మునివేళ్లే అందుతున్నాయి" అంది మా అమ్మాయి. "అందుతున్నాయి కదే" అన్నాను. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. వేళ్లు నేలకి ఆనాయో లేదో నేను వంగి కళ్లతో చూసి తెలుసుకున్నాను. కాలికి తెలియలేదు. కొత్త బండి సంబరంలో అది కూడా పట్టించుకోలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. షోరూములో నేల పలకలా చదును. మేము తిరిగేవి చెరువు గట్లు. నడుమ మెరక, రెండు పక్కలా వాలు. బండి మెరక మీద ఆగితే, కాలు పెట్టే చోటు జానెడు కిందకి ఉంటుంది. ఆరేళ్లుగా గట్ల మీద తిరిగేదాన్ని, నాకా సంగతి తట్టలేదు. నా బండికీ ప్రార్థన చేయించాను. కుమారి బండికి చేసినంతసేపు చేయలేదని పాస్టరు గారి మీద కూడా అలిగాను.

డ్రైవింగ్ స్కూలాయన దగ్గర నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, పెట్టె కట్టుకుని వెళ్లిన మొదటి వారంలోనే పడ్డాను. గట్టు మీద ఎదురుగా మేత బస్తాల ఆటో వచ్చింది. ఆపి కుడి కాలు పెట్టాను. కింద నేల అందలేదు. బండి నన్ను వేసుకుని వాలులోకి ఒరిగింది. వెనకే వస్తున్న కుమారి తన బండి ఆపి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఏదో కాలుతున్న వాసన వస్తోంది."

"ఐసు పెట్టె చూడు, చేపలు పడిపోయాయేమో."

"చేపలు కాదక్కా, నీ కాలు! సైలెన్సర్ మీద ఉంది నీ కాలు!"

ఆటో అతనూ కుమారీ కలిసి బండి లేపారు. పాదం పక్కన, చిటికెన వేలు దాకా తోలు తెల్లగా లేచిపోయింది. నాకు చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. "చూశావా, నాకేం కాలేదు" అన్నాను గొప్పగా. ఆసుపత్రికి పోదాం రమ్మని అది బతిమాలింది. దాని బండి మీద ఎక్కాలి కదా, అందుకే వెళ్లలేదు. పసుపు రాసి, గుడ్డ చుట్టుకుని పది రోజులు చేపలు వేశాను. పదకొండో రోజు చలిజ్వరం. గుడ్డ విప్పితే మా అమ్మాయి ముక్కు మూసుకుంది.

ఏలూరు తీసుకెళ్లారు. డాక్టరమ్మ గారు పాదం చూసి అడిగారు: "కాలిందని మీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

"మా తోడికోడలు చెప్పినప్పుడండి."

"నొప్పి?"

"లేదండి."

"నొప్పి తెలియకపోవడమే మీ జబ్బమ్మా."

షుగర్ టెస్టు చేశారు, హెచ్‌బీఏ1సీ అని, మూడు నెలల షుగర్ చెప్పేది ఇంకోటి చేశారు. కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం లాంటిదానితో అరికాలి మీద పొడిచారు. "తగిలినప్పుడు చెప్పండి" అన్నారు. నేను కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాను. "ఎప్పుడు మొదలెడతారండీ?" అని అడిగితే, "అయిపోయిందమ్మా" అన్నారు. అప్పుడు భయమేసింది. షుగర్ ఎన్నేళ్ల నుంచో ఉండి ఉంటుందట. నరాలు మొద్దుబారాయట, డయాబెటిక్ న్యూరోపతి అట. డీబ్రైడ్‌మెంట్ అని చెప్పి చచ్చిన కండ తీసేశారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. కాలు కింద పెట్టకుండా ఉంటే వేలు నిలబడుతుందని చెప్పి ఇంటికి పంపారు.

మూడు వారాలు మంచం మీదే ఉన్నాను. పుండు ఎర్రబడి మానుతోంది. అప్పుడు మెస్సు ఆవిడ ఫోను చేసింది. "మీరు నిదానంగా రండి. మీ కుమారి గారు మీకన్నా ముందే తెస్తున్నారండీ" అంది. ఆవిడ మంచికే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లంతా కారం రాసినట్టయింది. లేచి, కట్టుతోనే వాకిట్లోకి వెళ్లి, బండి స్టాండు తీసి అటూ ఇటూ తోశాను. నేనింకా నడపగలనని నాకు నేను చూపించుకోవాలి. సాయంత్రానికి కట్టు తడిసింది. మళ్లీ ఇన్‌ఫెక్షన్ అన్నారు, ఎముకకి పట్టిందన్నారు. ఈసారి చిటికెన వేలు తీసేశారు.

కుమారి ఆసుపత్రికి వచ్చి ఏడ్చింది. "నీ మెస్సులు నేను తినేస్తానా అక్కా? నీ పేరు చెప్పే వేస్తున్నాను."

"పేరు నాదైనా బండి నీదే కదే."

"నీకు బండి కావాలా, కాలు కావాలా?"

"రెండూ కావాలి."

అదే మాట డాక్టరమ్మ గారిని అడిగాను. "కాలు మానితే బండి తొక్కొచ్చాండీ?" ఆవిడ నన్ను తిట్టలేదు. "వెనక బ్రేకు కుడి కాలితోనే కదమ్మా? ఎంత నొక్కారో కాలికి తెలియకపోతే బండి ఎలా ఆగుతుంది? ఈసారి మీ వేలు పోయింది. ఇంకోసారి ఎవరి బిడ్డో పోతుంది" అన్నారు.

ఇప్పుడు ఏడాది దాటింది. షుగర్ అదుపులో ఉంది. పాదం మూసి ఉండే షూ వేసుకుంటాను. రెండు బ్రేకులూ చేతికే ఉన్న స్కూటరు మీద, డాక్టరమ్మ గారు సరేనన్నాకే, మళ్లీ గూడెం వెళ్తున్నాను. మెస్సులన్నీ కుమారి నాకు తిరిగి అప్పగించింది. నాలుగొందల బండి దానికే ఇచ్చేశాను. అది పొడుగు మనిషి. గట్టు వాలులో ఆగినా దానికి రెండు పాదాలూ ఆనుతాయి. ఆ బండి మీద అది నన్ను దాటిపోయేటప్పుడు ఇప్పటికీ నా కడుపు మండుతుంది. మండిందని మా అమ్మాయితో చెప్పేస్తాను. దాచుకుంటే ఏమవుతుందో చూశాను.

గేర్లు కొత్తగా నేర్చుకుని పెద్ద బండి కొందామనుకునే నాబోటి వాళ్లకి ఒక్కటే చెబుతాను. సీసీలు తర్వాత అడగండి. షోరూముకి వెళ్లే ముందు రోజు ఇంట్లో కళ్లు మూసుకుని కూర్చుని, దూది ముక్కతో మీ అరికాళ్లు ఎవరినైనా తాకమనండి. ఎప్పుడు తాకారో మీకు తెలియకపోతే, ముందు ఆసుపత్రికి వెళ్లండి.