ప్రార్థనలో చెప్పిన పేరు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న మా మందిరం ఆడవాళ్ళం రోజూ పొద్దున్నే ఫోన్‌లో కలుస్తాం. ఒక నంబర్ డయల్ చేస్తే పదిహేను ఇరవై మందిమి ఒకే లైన్‌లోకి వస్తాం. ఒకామె పాట ఎత్తుకుంటుంది, ఒకామె బైబిల్ వాక్యం చదువుతుంది, తరువాత ఒక్కొక్కరం మా భారాలు చెప్పుకుంటాం. పేరు పెట్టి ప్రార్థించాలని నాకు సండే స్కూల్‌లోనే నేర్పారు. అందరినీ దీవించమని గుంపుగా అడగడం బద్ధకమని మా టీచరమ్మ అనేది. నేనెప్పుడూ పేర్లతోనే అడుగుతాను.

ఆ అలవాటే ఒక మనిషి పొట్ట మీద కొట్టింది.

నేను పనిచేసేది లైసెన్స్ ఉన్న గంజాయి షాపులో. మందిరంలో మాత్రం "మెడికల్ షాపులో ఆఫీసు పని" అని చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం పోయి ఏడాదైంది, ఇంటిల్లిపాది ఇన్సూరెన్స్ నా మీదే ఉంది. షాపు యజమాని తెలుగాయనే. ఆయన మందిరానికి రాడు. ఆయన భార్య వస్తుంది, పొద్దున ఫోన్ లైన్‌లోనూ ఉంటుంది. అక్కడ ఏం అమ్ముతారో ఆమె, నేను ఎవరి ముందూ ఎత్తం.

పది మంది, ఆపైన పనివాళ్ళున్న ఇలాంటి షాపుకు లైసెన్స్ నిలవాలంటే యూనియన్‌తో ఒక ఒప్పందం ఉండాలని కాలిఫోర్నియా చట్టం. దాని ప్రకారం యూనియన్ సమ్మె చేయదు. యజమాని యూనియన్‌ను పనివాళ్ళతో మాట్లాడనిస్తాడు, అడ్డుపడడు. ఆ కాగితం ప్రింట్ తీసి, సార్‌తో సంతకం పెట్టించి, ఫైల్‌లో పెట్టింది నేనే.

ప్యాకింగ్ గదిలో కరీంనగర్ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఎండిన గంజాయి మొగ్గలు తూచి చిన్న డబ్బాల్లో పెట్టి మూత బిగించడం ఆవిడ పని. యూనియన్‌లో చేరతామని తోటివాళ్ళ చేత కార్డుల మీద సంతకాలు పెట్టిస్తూ, నా దగ్గరికీ వచ్చింది.

"అక్కా, నువ్వు గూడ పెట్టు. రోజు దేవునికి మొక్కుతవు గద, గింత దానికి భయమేంది?"

"సార్ పక్కన కూర్చునేదాన్ని, నాకు కుదరదమ్మా. నీకోసం ప్రార్థన చేస్తాలే."

"చెయ్యి, చెయ్యి. మీ దేవునికి గూడ ఓ కార్డు ఇయ్యమంటవా?" అని నవ్వింది.

మాట ఇచ్చాను కాబట్టి చేశాను. మరునాడు నా వంతు వచ్చినప్పుడు ఆమె పేరు ఎత్తి, సంతకాలు పోగుచేస్తోంది తండ్రీ, సంతకం పెట్టాల్సినవాళ్ళు ఇంకా ఐదుగురే మిగిలారు, వాళ్ళ గుండెలు గట్టిచెయ్యి అని ఏడుస్తూ అడిగాను. అందరూ ఆమెన్ అన్నారు. అందులో యజమాని భార్య గొంతు స్పష్టంగా వినబడింది. అయినా నాకు తట్టలేదు. ప్రార్థనలో ఉన్నప్పుడు వినేది దేవుడొక్కడే అనుకుంటాం.

తరువాతి వారం ప్యాకింగ్ గది ఆవిడకు ఐదు రోజుల పని ఒక్క రోజుకు దిగింది. షెడ్యూల్ టైప్ చేయాల్సింది నేనే.

"సార్, ఈవిడకి ఒక్క షిఫ్టేనా?"

"బిజినెస్ స్లోగా ఉందమ్మా." ఆయనే మళ్ళీ, "మీ లేడీస్ ప్రేయర్ చాలా పవర్‌ఫుల్ అట కదా, మా ఆవిడ చెప్పింది," అన్నారు.

టైప్ చేశాను.

ఆ ఆదివారం ప్రభువు బల్ల. మనసులో తప్పు పెట్టుకుని ఆ రొట్టె తినకూడదంటారు. రొట్టె పళ్ళెం నా దాకా వచ్చింది, ముట్టుకోలేక పక్కకు అందించాను. పక్కన యజమాని భార్యే ఉంది. ఆరాధన అయ్యాక నన్ను కారు దగ్గర ఆపింది.

"ఏంటి సిస్టర్, బల్ల తీసుకోలేదు? అందరూ చూశారు."

"ప్రార్థనలో విన్నది ఇంట్లో చెప్పారా అక్కా?"

"మా ఆయన దగ్గర నాకు దాపరికం లేదు. మైకులో చెప్పినట్టు చెప్పింది నువ్వే కదా! ఇప్పుడు దీన్ని పెద్దది చేస్తే మనం అమ్మేదేంటో అందరికీ తెలుస్తుంది. నీ ఇష్టం."



సోమవారం ప్యాకింగ్ ఆవిడకు మిగిలిన ఆ ఒక్క షిఫ్టు. బ్రేక్ రూమ్‌లో నా ఎదురుగా కూర్చుంది.

"ఐదుగురే మిగిలిన్రని గూడ సార్‌కు ఎర్కనట అక్కా. మా ప్యాకింగ్ రూముల ఉండె గా మెక్సికో పిల్లనే చెప్పిందని అంటున్రు. దాంతోని ఎవ్వలు మాట్లాడుత లేరు. సార్‌కు ఎట్ల తెల్సిందో ఎవరన్న రాసిస్తే, యూనియన్ కోసమే కోసిండని కేసేసి నా షిఫ్టులు మళ్ళ ఇప్పిస్తనని యూనియనాయన అంటుండు."

"ఆ పిల్ల కాదు. నేను."

"నువ్వా? పైసల్ తీస్కున్నవా?"

"లేదు. నీకోసం ప్రార్థన చేస్తూ చెప్పాను. ఆయన భార్య విన్నది."

"మొక్కమన్న గని, గట్ల ఊరంత చాటమన్ననా?" అంది. తరువాత సంచిలోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టింది. "రాసిస్తవా?"

తప్పించుకోవడానికి బైబిల్లో ఒక్క వాక్యమైనా దొరుకుతుందేమోనని మనసులో వెతికాను. నాకు కంఠస్థం వచ్చినవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ నా పక్షాన నిలబడలేదు.

పెన్ను తీశాను. ఎక్కడ చెప్పారు అన్నచోట మా ఫోన్ ప్రార్థన అని రాశాను. ఎవరెవరు విన్నారు అన్నచోట మొదట యజమాని భార్య పేరు రాశాను. మిగిలిన అక్కచెల్లెళ్ళ పేర్లకు ఆ గడి చాలలేదు. కాగితం వెనక్కి తిప్పాను.